డ్యూటీ మేనమామ

సొరకాయ నెల, మొదటి సోమవారం

వరసల విభాగంలో పనిచేసే ప్రతి డ్యూటీ బంధువూ ఇకనుంచి డైరీ రాయాలని సుభాషిణి మేడం ఉత్తర్వు ఇచ్చారు. మేడం మా విభాగానికి పెద్ద. "మీరు రోజంతా ఏం చేస్తున్నారో ఊరి సమితికి తెలియాలి కదా జోగారావుగారూ" అన్నారు. గాలి పీల్చినా లెక్క రాసుకునే ఊరు మాది, సమితికి తెలియనిదేముంది? అయినా ఆవిడ మాట తీసెయ్యలేక రాస్తున్నాను.

ఉద్యోగం: మేనమామ. పనిచేసే చోటు: కెంపుపాడు, కింది వలయం. అనుభవం: తల నెరిసేంత.

ఇవాళ పొద్దున్నే ఒక పాపకి చెవులు కుట్టారు. కుట్టేది యంత్రమే అయినా పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకోవలసింది మేనమామే. యంత్రం దాని చెవి కుట్టింది, అది నా బొటనవేలు కొరికింది. తర్వాత పెద్దబడికి వెళ్ళాను. ఇద్దరు మేనల్లుళ్ళు కొట్టుకుంటున్నారంటే చెరో చెవీ మెలిపెట్టి, చెరో బెల్లంముక్కా చేతిలో పెట్టి వచ్చాను. మధ్యాహ్నం ఒక మేనకోడలికి ఓణీల వేడుక. ఓణీ రంగు బాగాలేదని ఆ పిల్ల అలిగితే అరపూట బతిమాలాను. సాయంత్రం గంట కొట్టారు. గదికి వచ్చి జోళ్ళు విడిచి, కాళ్ళు చాపుకుని, ఎవరికీ ఏమీ కాకుండా హాయిగా కూర్చున్నాను. ఈ ఉద్యోగంలో నాకు నచ్చేది అదే. గంట కొట్టేదాకా ముప్ఫైమందికి మేనమామని, కొట్టాక ఒట్టి జోగారావుని.

ఇక్కడ గాలి లెక్క ప్రకారం ఇంటికి ఒక్క బిడ్డే. మా తాతల నాటినుంచీ అంతే. ఒక్క బిడ్డకి అన్నదమ్ములుండరు, అక్కచెల్లెళ్ళుండరు. వాళ్ళు లేకపోతే తర్వాతి తరానికి మామలెక్కడివి, అత్తలెక్కడివి? మామ లేకుండా పిల్ల చెవులు కుట్టించడానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు. అందుకని మా తరానికి పిల్లలు పుట్టే వేళకి, భూమ్మీదనుంచి మొదట వచ్చినవాళ్ళు ఈ విభాగం పెట్టారు. మామలు, పిన్నులు, మేనత్తలు, అందరమూ జీతగాళ్ళమే.

సోమవారం సమావేశంలో సుభాషిణి మేడం ఎప్పుడూ చెప్పే పాఠమే మళ్ళీ చెప్పారు. ఆవిడ ఒకప్పుడు సమాజశాస్త్రం బోధించేవారు, ఆ అలవాటు పోలేదు. పూర్వం కుటుంబం సమాజానికి నాలుగు పనులు చేసిపెట్టేదట: తిండి, పెంపకం, చదువు, కాపలా. ఆ నాలుగూ ఇప్పుడు నాలుగు విభాగాలు చూసుకుంటున్నాయి. మిగిలినవి వేడుకలు, వాటికోసం మనం. "అంటే మేం మిగిలిపోయిన కూరలాంటివాళ్ళం అన్నమాట" అన్నాను. మేడం నవ్వలేదు. ఇవాళ కూర కూడా సొరకాయే. మా గాజుతోటలో ఏది కాపుకొస్తే ఆ నెలకి దాని పేరు పెడతారు, మూడు పూటలా అదే వండుతారు.

డ్యూటీ దిగాను.

సొరకాయ నెల, రెండో బుధవారం

ఇవాళ నా ఉద్యోగ జీవితంలోకెల్లా మంచి రోజు. నా మేనకోడలు తొలకరి, నా మేనల్లుడు పునర్వసు కలిసి గదికి వచ్చారు. తలుపు దగ్గరే నిలబడి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు.

"మామయ్యా, మేం పెళ్ళి చేసుకుంటాం. అమ్మకి నువ్వే చెప్పాలి" అంది తొలకరి.

"మీకు వీలైతే" అన్నాడు వసు.

వీడు ఎప్పుడూ ఇంతే. శిశునిలయంలో పెరిగాడు. తల్లీ తండ్రీ లేని పిల్లల్ని, భూమ్మీదనుంచి గాజుగొట్టాల్లో పిండాలుగా వచ్చిన పిల్లల్ని అక్కడ యంత్రాలు పెంచుతాయి. పేర్లు నక్షత్రాలవి పెడతాయి. ఏ లోటూ చెయ్యవు, ఒంట్లో నలతగా ఉంటే తుమ్మకముందే మందిస్తాయి. బంధువని ఒక్క మనిషిని మాత్రం ఇస్తారు. అది మేనమామ. వసు చేతికొచ్చేసరికి నాకు కూడా ఈ పని కొత్తే.

వాడికి అన్నీ నేర్పాను గానీ అలగడం ఒక్కటీ నేర్పలేకపోయాను. అలక నేర్పడం మేనమామ పనుల్లో ఉంది, నేను సరదాకి రాయడం లేదు. మూతి ముడవాలి, అటు తిరగాలి, పిలిస్తే పలకకూడదు అని చెప్పేవాణ్ణి. పాపం, వాడు బుద్ధిగా మూతి ముడిచి గోడవైపు తిరిగేవాడు. కాసేపయ్యాక తల తిప్పి, "ఇంక చాలా మామయ్యా?" అని అడిగేవాడు. నాకు నవ్వాగేది కాదు. ఇప్పుడు వాడు ఇసుక బండ్లు బాగుచేసే మెకానిక్కు, ఆరడుగుల మనిషి. ఇప్పటికీ అన్నం వడ్డిస్తే ధన్యవాదాలండి అంటాడు.

తొలకరి అలాక్కాదు. గాజుతోటలో తేనెటీగలు చూసుకుంటుంది. అలిగిందంటే తేనెటీగలు కూడా దాని దారికి అడ్డం రావు.

వాళ్ళమ్మ రత్నమాల గాలి యంత్రాల ఇంజనీరు. నన్ను తమ్ముడని పిలుస్తుంది, నేను అక్కా అంటాను. ఉద్యోగరీత్యా మొదలైన పిలుపే అయినా ఆవిడ తిట్లు మాత్రం మొదటినుంచీ సొంత అక్క తిట్లే. సంగతి చెప్పగానే చేతిలో పానా కింద పడేసింది.

"ఏంటీ, మన వసూయా? బంగారంలాంటి కుర్రాడు. ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నార్రా ఇద్దరూ?" అని ముందు కూతుర్ని కావలించుకుంది, తర్వాత వాణ్ణి, తర్వాత నన్ను. నా చొక్కాకి నూనె మరకయింది.

సొరకాయ నెల, చివరి శుక్రవారం

కెంపుపాడులో డ్యూటీ బంధువుల చేతిమీద పెరిగిన పిల్లల్లో ఇదే మొదటి పెళ్ళి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామే మండపానికి మొయ్యాలి. మొదట వచ్చినవాళ్ళు రాసిపెట్టిన వివరాలు చూసి అల్యూమినియం తీగతో బుట్ట అల్లించాను. భూమ్మీద దాన్ని ఇద్దరు మామలు ఆపసోపాలు పడుతూ మోసేవారట. ఇక్కడ బరువు మూడో వంతే. వారంనుంచీ బుట్టనిండా సొరకాయలు పోసి నడవాలో అటూ ఇటూ మోసి సాధన చేస్తున్నాను. నిన్న మలుపు దగ్గర కాలు జారి సొరకాయలు ఊరంతా దొర్లాయి. తొలకరి చూసి, "నేను నడిచి వచ్చేస్తాలే మామయ్యా" అంది.

ఇవాళ అనుమతికి వెళ్ళాం. ముందు రక్తపరీక్షల విభాగం. వాళ్ళు చుక్క రక్తం చూసి, ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, నిక్షేపంగా చేసుకోండి అన్నారు. తర్వాత వరసయ్య.

వరసయ్య మా విభాగపు యంత్రం. ఎవరికి ఎవరు ఏమవుతారో అతనికే తెలుసు, అతను ఔనంటేనే పెళ్ళి. వరస తప్పిన పెళ్ళి ఈ నేలమీద జరగరాదని మొదట వచ్చినవాళ్ళు గట్టి పట్టుదలతో పెట్టిన నియమమది. గోడలోంచి ముసలి గొంతుతో మాట్లాడతాడు. మాట్లాడేముందు గొంతు సవరించుకుంటాడు, ఆ సవరింపు కూడా ఎవరో పనిగట్టుకుని పెట్టిందే.

"వధువు తొలకరి, మేనమామ జోగారావు" అన్నాడు. నేను ఛాతీ విరుచుకున్నాను. "వరుడు పునర్వసు, మేనమామ జోగారావు." ఇంకొంచెం విరుచుకున్నాను. "ఇద్దరి తల్లులూ జోగారావుకి తోబుట్టువులు. పిల్లలిద్దరూ అక్కచెల్లెళ్ళ బిడ్డలు. అన్నాచెల్లెళ్ళ వరస. పెళ్ళి కుదరదు. శుభం."

ఏ మాట చెప్పినా చివర శుభం అనడం అతని అలవాటు.

"వీడికి అసలు తల్లే లేదయ్యా!" అన్నాను.

"తల్లి గడి ఖాళీ. మేనమామ గడిలో పేరుంది. మేనమామ ఉన్నాడంటే అతనికొక తోబుట్టువు ఉన్నట్టే. శుభం."

రత్నమాల అక్క నావైపు చూసిన చూపు ఈ డైరీలో రాయలేను.

కాకర నెల, మొదటి సోమవారం

ఊళ్ళో కాకరకాయలు, నోట్లో చేదు, మనసులో చేదు.

సుభాషిణి మేడం వారమంతా తల బద్దలు కొట్టుకున్నారు. వరసయ్య మాటని మార్చే తాళం ఎవరి దగ్గరా లేదు. అతను చెప్పిన దారి ఒక్కటే: ఇద్దరిలో ఒకరికి మేనమామగా నా పేరు తుడిచెయ్యాలి. అలా తుడిస్తే మళ్ళీ రాయడం కుదరదు. వాళ్ళింట్లో ఏ వేడుకకీ నేను ఆ హోదాలో గడప తొక్కకూడదు.

"మరో మేనమామని ఇస్తాం కదండీ. పై వలయం దక్షిణామూర్తిగారు కాస్త ఖాళీగానే ఉన్నారు" అన్నారు మేడం.

దక్షిణామూర్తి! పిల్లలకి చక్కిలిగింతలు పెట్టడానికి చేతికి తొడుగులు వేసుకునే మనిషి. వాడి చేతిలో నా తొలకరి బుట్టా? వాడు నా వసూకి మామా? నాకు ఒళ్ళు మండింది. మేడం మంచినీళ్ళిచ్చారు.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. ఇన్నేళ్ళూ ఎవరూ ఆలోచించని సంగతి అప్పుడు బయటపడింది. కింది వలయం పిల్లలందరికీ మేనమామని నేనే. అంటే వాళ్ళంతా ఒకరికొకరు అన్నాచెల్లెళ్ళే. ఒక్కొక్క మామకి ముప్ఫైమంది పిల్లల్ని అప్పగించిన రోజున, ఆ పిల్లలు ఎప్పటికైనా పెద్దవుతారని మా పెద్దలకి తట్టలేదు. వార్త పెద్దబడికి పాకింది. ఒక చిన్నపిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, "అయితే నేను వీణ్ణి పెళ్ళి చేసుకోనక్కర్లేదా మామయ్యా?" అని పక్కనున్న కుర్రాణ్ణి చూపించి తెగ సంబరపడింది. ఆ కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. వాణ్ణి ఊరడించడం కూడా నా డ్యూటీయే.

సమితివాళ్ళకి విసుగొచ్చిందట. వరసలన్నీ ఒక్కసారే తుడిచేసి, వేడుకలు యంత్రాలకి అప్పగిస్తే పోలేదా అంటున్నారట. మేడం ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో పాఠం లేదు.

ఇవన్నీ తీరిగ్గా తేల్చుకోవచ్చు, తొలకరికీ వసూకీ ఆ తీరిక లేదు. ఈ నెలాఖరుకి మంచు తవ్వే బండ్లు ఉత్తరపు శిబిరానికి బయల్దేరతాయి. పెళ్ళికాని మెకానిక్కులందరూ వాటితో వెళ్ళాల్సిందే. వెళ్ళినవాళ్ళు నాలుగేళ్ళకి గానీ రారు. ఆలోగా పెళ్ళయితేనే వాడు ఇక్కడ ఉంటాడు.

కాకర నెల, రెండో గురువారం

మధ్యాహ్నం వసు గదికి వచ్చాడు. నా జోడు అడుగు ఊడిపోతోందని మొన్నెప్పుడో చూశాడట, జిగురు తెచ్చి అతికించాడు. అతికించి, దాన్ని తిప్పి తిప్పి చూస్తూ అన్నాడు.

"నా గడిలో మీ పేరు తుడిపించెయ్యండి మామయ్యా. తనకి మీరు బుట్ట ఎత్తాలి కదా. నాకంటే... నేను పెద్దవాణ్ణయ్యాను. ఇంతవరకూ చూసుకున్నారు, ధన్యవాదాలండి."

ఆ ధన్యవాదాలు వినగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నోరుముయ్యి" అన్నాను. వాడి భుజం పట్టుకుని రత్నమాల అక్క ఇంటికి లాక్కుపోయాను.

అక్కడ తొలకరి పొద్దున్నుంచీ అన్నం ముట్టలేదు. తేనెటీగల ముసుగు మొహానికి వేసుకునే కూర్చుంది, ఎవరూ తన మొహం చూడకూడదని. వాళ్ళ నాన్న ప్రకాశం బావ మామూలుగానే నోరు విప్పకుండా కాకరకాయ కూర కలుపుకుంటున్నాడు. బావ మాట్లాడగా విన్నవాళ్ళు ఊళ్ళో తక్కువ.

దారిలో నేనొక నిశ్చయానికి వచ్చేశాను. నిలబడే చెప్పేశాను. "అక్కా, వసు గడిలో నా పేరు తుడిపించేస్తాను. వాడే అడిగాడు. వాడికి దక్షిణామూర్తి వస్తాడు. పిల్ల బుట్ట నేనే ఎత్తుతాను. ఇంక ఎవరూ ఏడవకండి."

అక్క గరిటె పట్టుకుని లేచింది.

"సిగ్గు లేదా తమ్ముడూ? ఆడికి ఈ లోకంలో ఉన్నదే నువ్వొక్కడివి. ఆడు మంచోడు కాబట్టి అడిగేడు. నువ్వు ఊఁ కొట్టేసి వచ్చేవా? నీ సొంత కొడుకే అయితే ఇలాగే తుడిపేస్తావా?"

"సొంత కొడుకైతే తుడవడం కుదరదక్కా! కొడుక్కి ఆ నియమమే లేదు!" అని నేనూ అరిచాను.

"మరి ఆడికీ ఆ నియమం లేకుండా చూసుకోవాల్సింది!"

"నేనెలా చూసుకుంటాను? నా చేతిలో ఏముంది?"

తొలకరి ముసుగు తీసింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి.

"అమ్మా, ఉండు. మామయ్య కొడుకు నాకేమవుతాడు?"

"ఏమవుతాడేంటే, బావవుతాడు. ఆ మాత్రం తెలీకుండా..." అక్క గరిటె గాలిలోనే ఆగిపోయింది.

తొలకరి వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టుకుంది. అమ్మకి తమ్ముడు మామయ్య. మామయ్యకి కొడుకు వసు. మేనమామ కొడుకు. బావ. ఏ లోటూ లేని, అసలు సిసలు బావ.

ప్రకాశం బావ ముద్ద మింగి, "అయితే పెళ్ళి ఎప్పుడంటా?" అన్నాడు.

అక్క నవ్వింది, తొలకరి నవ్వుతూ ఏడ్చింది. అందరూ ఒక్కసారే నావైపు తిరిగారు. శిశునిలయం పిల్లల్ని దత్తత తీసుకోవచ్చని నియమం ఎప్పటినుంచో ఉంది. యంత్రాలు అంత బాగా పెంచుతుంటే ఎందుకని ఎవరూ తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు. వసు మాత్రం నావైపు చూడలేదు. అతికించిన నా జోడు వైపు చూస్తున్నాడు.

అప్పుడే సాయంత్రం గంట కొట్టారు. ఇన్నేళ్ళ అలవాటు, లేచి నిలబడ్డాను. "ఆలోచించుకుని చెబుతాను" అని వచ్చేశాను.

గదిలో జోళ్ళు విడిచి కూర్చున్నాను. హాయిగా లేదు.

కాకర నెల, రెండో శుక్రవారం

పొద్దున్నే సుభాషిణి మేడం దగ్గరికి వెళ్ళాను.

"తండ్రి పోస్టుకి షిఫ్టు ఎంతండీ?"

"షిఫ్టు ఉండదు జోగారావుగారూ."

"వారానికొక సెలవైనా?"

"ఉండదు."

"నచ్చకపోతే రాజీనామా?"

మేడం ఈసారి నవ్వారు. అంత నవ్వు ఆవిడ దగ్గర ఉందని నాకు తెలియదు.

భయం వేసింది, దాచడమెందుకు? మేనమామగా నాకు లోటు చెప్పినవాళ్ళు లేరు. చెవి మెలిపెట్టడం, బెల్లంముక్క పెట్టడం, గంట కొడితే లేచిపోవడం, ఇవి నాకు బాగా చేతనవును. గంట కొట్టాక చెయ్యాల్సిన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

బండ్ల షెడ్డుకి వెళ్ళాను. ఒక ఇసుక బండి కిందనుంచి వసు కాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళకి మొదటి జోళ్ళు తొడిగింది నేనే. ఆ కాళ్ళతోనే మాట్లాడాను, మొహం చూస్తూ అడగడం నావల్ల కాలేదు.

"ఒరే, నిన్ను దత్తత తీసుకుందామనుకుంటున్నాను. మర్యాదకి సరే అనకు. పెళ్ళికోసం కూడా అనకు. ఇష్టమైతేనే అను."

బండి కింద పానా చప్పుడు ఆగింది.

"మీకు ఇబ్బంది కదా మామయ్యా?"

"ఇబ్బందే. చాలా ఇబ్బంది. చచ్చేంత భయంగా కూడా ఉంది. అయినా నాకు కావాలి."

వాడు బయటికి వచ్చాడు. చేతులకి గ్రీజు అంటింది. గుడ్డ తీసుకుని తుడుచుకున్నాడు. పోయేదాకా తుడుచుకున్నాడు, పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరికి "సరేనండి" అన్నాడు. ధన్యవాదాలు చెప్పలేదు.

వరసయ్య గొంతు సవరించుకున్నాడు. "దత్తతకి వయసు అడ్డం కాదు. తండ్రి కొడుకు కన్నా పెద్దవాడై ఉంటే చాలు. శుభం." కాసేపు లోపల ఏదో గిరగిరా తిరిగింది. "తండ్రి జోగారావు. కొడుకు పునర్వసు. కొడుక్కి మేనమామ గడి ఖాళీ. వధువు తొలకరికి వరుడు మేనమామ కొడుకు. బావామరదళ్ళ వరస. ఇంతకన్నా మంచి సంబంధం ఇంతవరకూ నా దగ్గరికి రాలేదు. శుభం."

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ శుభం నాకు శుభంగా వినిపించింది. మేడం చప్పట్లు కొట్టారు. మిగతా పిల్లలకి కూడా కొత్త మామల్ని, అత్తల్ని, కుదిరితే అమ్మానాన్నల్ని వెతుకుతానని అక్కడికక్కడే పని మొదలుపెట్టారు. విభాగం మూసెయ్యమన్నవాళ్ళకి ముందు ఈ పెళ్ళి భోజనం పెట్టాలట, ఆ తర్వాత మాట్లాడతారట.

వసు ఇంకా నన్ను మామయ్యా అనే పిలుస్తున్నాడు. నోటికి అలవాటు పోవాలి కదా.

కాకర నెల, చివరి ఆదివారం

పెళ్ళి అయిపోయింది! మంచు బండ్లు రేపు వెళతాయి, వాటిలో మావాడు లేడు.

బుట్ట నేనే ఎత్తాను. సొరకాయల కన్నా తొలకరి నయం, కానీ దారిపొడుగునా "నెమ్మదిగా మామయ్యా, మలుపు మామయ్యా" అని అరుస్తూనే ఉంది. పడెయ్యకుండా మండపంలో దింపాను. ఊపిరి తీసుకునేలోగా అవతల తెర వెనక మగపెళ్ళివారు ఎవరూ లేరని కేకలు. మగపెళ్ళివారిని నేనే కదా, అటు పరుగెత్తాను. కాళ్ళు కడిగే వేళకి ఇటు, కండువా వేసే వేళకి అటు.

"ఇటు మేనమామవీ నువ్వే, అటు వియ్యంకుడివీ నువ్వే. ఎక్కడో ఒకచోట కూర్చోవయ్యా బాబూ, చూడలేక చస్తున్నాం!" అంది రత్నమాల అక్క.

"మగపెళ్ళివారితో మాట్లాడే పద్ధతేనా ఇది?" అని నేను బిగుసుకున్నాను. అక్క నెత్తిమీద ఒక్కటిచ్చింది.

పెద్దబడి పిల్లలందరూ వచ్చి వసు వెనక కూర్చున్నారు. అటువైపు బోసిగా ఉందని వాళ్ళకి వాళ్ళే వచ్చారు, నేను పిలవలేదు. ఇవాళ ఆదివారం, నాకు డ్యూటీ కూడా లేదు. అయినా అందరూ మామయ్యా మామయ్యా అని నా పంచె లాగుతూనే ఉన్నారు. తలంబ్రాలు పోసుకుంటుంటే గింజలు ఇక్కడి గాలిలో తొందర లేకుండా దిగాయి. ఆ పిల్లలు వాటిని నోటితో పట్టుకున్నారు. దక్షిణామూర్తి కూడా వచ్చాడు. తొడుగులు వేసుకుని అక్షింతలు వేశాడు. పోనీలే, వచ్చాడు.

భోజనాలయ్యాక అలక పాన్పు. పెళ్ళికొడుకుని మంచంమీద కూర్చోబెడతారు, అతను అలగాలి, ఆడపెళ్ళివారు ఏం కావాలో అడిగి, ఇచ్చి బతిమాలాలి. "వీడికి అలగడం రాదు, ఎవరూ నవ్వకండి" అని అందరికీ ముందే చెప్పి ఉంచాను. వసు పాన్పుమీద కూర్చుని మూతి ముడిచి గోడవైపు తిరిగాడు. చిన్నప్పుడు నేను నేర్పినట్టే.

అక్క తేనె సీసా ఇస్తానంది. పలకలేదు. ప్రకాశం బావ తన పానాల పెట్టె ఇస్తానన్నట్టు చూపించాడు. పలకలేదు. తొలకరి, "నాకన్నా బాగా అలుగుతున్నావే, ఇది నా పని" అని వీపుమీద గుద్దింది. అయినా ఇటు తిరగలేదు. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతున్నాను. ఇప్పుడు తల తిప్పి, "ఇంక చాలా మామయ్యా?" అంటాడని చూస్తున్నాను.

సాయంత్రం గంట కొట్టారు.

నా ప్రమేయం లేకుండానే నా కాళ్ళు గుమ్మం వైపు తిరిగాయి. అది వాడెలా చూశాడో నాకు తెలియదు, మొహం గోడవైపే ఉంది.

"గంట కొట్టేరుగా, వెళ్ళు నాన్నా. రోజూ వెళ్ళిపోయేవాడివేగా" అన్నాడు.

సుభాషిణి మేడం పక్కవాళ్ళతో, "ఇది ఆ నాలుగు పనుల్లో ఎందులోకి వస్తుంది?" అని మెల్లగా అడగడం వినిపించింది. నాన్నా అన్నాడు. వాడు నామీద అలిగాడు. ఎవరూ నేర్పని అలక, తీర్చకపోతే కుదరని అలక. అంత సంతోషం నేనెప్పుడూ ఎరగను. అక్క అందరినీ మెల్లగా బయటికి పంపేసింది.

జోళ్ళు విడిచేసి పాన్పు అంచున కూర్చున్నాను. "ఒరే, నేను వెళ్ళడం లేదురా. చూడు, జోళ్ళు విడిచేశాను" అన్నాను. పలకలేదు. తేనె కావాలా అన్నాను, పలకలేదు. భుజంమీద చెయ్యి వేస్తే విదిలించుకున్నాడు. మళ్ళీ వేశాను. ఈసారి ఉంచనిచ్చాడు.

ఒక చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో ఇది రాస్తున్నాను. గంట కొట్టి చాలాసేపయింది. వాడింకా ఇటు తిరగలేదు. బతిమాలుతున్నాను.